రిజిస్టరులో ఆరు

ఎనిమిది రోజుల పాటు నేను అబద్ధం రాశాను. ఎవరో భయపెడితే రాయలేదు, ఎవరో ఆశ పెడితే రాయలేదు. ఒట్టి బద్ధకం. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకూ తేలిక, వినేవాళ్ళకూ తేలిక.

మాది గురజాల నుంచి ఎనిమిది మైళ్ళు లోపలికి ఉన్న ఊరు. ఎక్కడ తవ్వినా నీళ్ళు పడతాయి గానీ ఒక్క గుక్క గొంతు దిగదు. అంత ఉప్పు. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, టీ పెడితే విరిగిపోతుంది. తాగడానికి ఆడవాళ్ళం మూడు మైళ్ళు నడిచి సాగర్ కాలవ నుంచి తెచ్చుకునేవాళ్ళం. ఎనభై ఏడులో వానలు మొహం చాటేశాయి, కాలవా ఎండింది. ఆ ఏడు మార్చిలో హైదరాబాదు నుంచి లారీలో మిషను దిగి ఉండకపోతే ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడేవి.

పీర్ల చావిడి పక్కన రేకుల షెడ్డు వేసి మిషనును అందులో పెట్టారు. పెద్దబావి నీళ్ళను మోటారు తోడుతుంది. ఇసుక డబ్బాలో అవి వడకడతాయి. వాటిలో చుక్క చుక్కగా ఆసిడ్ కలుస్తుంది. ఆ తర్వాత పెద్ద పంపు వాటిని ఆరు పొడవాటి గొట్టాల్లోకి బలంగా నెడుతుంది. గొట్టాల్లో చాపలా చుట్టిన పల్చటి పొర ఉంటుంది. నీళ్ళు పొరలోంచి అవతలికి జారతాయి, ఉప్పు ఇవతలే ఆగిపోతుంది. బావి నీళ్ళలో పెడితే నాలుగు వేల రెండు వందలు చూపించే ఉప్పు మీటరు, మంచినీళ్ళ పంపు కింద పెడితే మూడు వందల యాభై చూపించేది. ఇంటికి రెండు బిందెలు. మొదటి రోజు ఆ నీళ్ళతో కాచిన టీ తాగి మా అబ్బాజాన్ అబ్దుల్ రహీమ్ ఇంకో గ్లాసు అడిగాడు.

పది పాసైన ఆడపిల్లను ఊళ్ళో నేనొక్కదాన్నే కాబట్టి ఆపరేటరు పని నాకొచ్చింది. అప్పటికి నాకు ఇరవై రెండు. మిషను బిగించిన కెమిస్టు దేవానందంగారు పది రోజులు ఊళ్ళోనే ఉండి నాకు పని నేర్పారు. రోజూ పొద్దున్నే ఆసిడ్ కలిసిన నీళ్ళలో పీహెచ్ కాయితం ముంచాలి. పసుపురంగు తేలితే ఆరు, అంతా బాగున్నట్టు. ఆకుపచ్చకు తిరిగితే ఆసిడ్ పెంచాలి. నీలానికి తిరిగితే ఇంకేమీ ఆలోచించకుండా మిషను ఆపెయ్యాలి. చూసిన అంకె రిజిస్టరులో రాయాలి. బావిలో బ్లీచింగ్ పొడి వేయనివ్వకూడదు.

ఆరు నెలలు రోజూ ముంచాను. ఆరు నెలలూ పసుపే. ఇక ఆగస్టు చివర్లో పీర్ల పండుగ వచ్చింది, వారం ముందు నుంచే ఇంటి నిండా చుట్టాలు. ఆ వారమే ఆనవాయితీ ప్రకారం కుర్రాళ్ళు పెద్దబావిలో దిగి చెత్త తీశారు. పీర్లకు స్నానం చేయించే నీళ్ళు కాబట్టి నాలుగు గంపల సున్నం కలిపి బావిలో పోశారు. మా తాతల కాలం నుంచీ అంతే. గంపలు మోసినవాళ్ళకు నేనే టీ తెచ్చిచ్చాను. బ్లీచింగ్ వద్దన్నారు కానీ సున్నం వద్దని ఎవరూ నాకు చెప్పలేదు. నిజమే. కానీ ఆ ఎనిమిది రోజుల్లో ఒక్కరోజు కాయితం ముంచి ఉంటే అదే చెప్పేది. నేను ముంచలేదు. ఎలాగూ ఆరే కదా అని, చుట్టాలకు రొట్టెలు కాల్చే తొందరలో ఆరు అని రాసి పరిగెత్తాను.

పండుగ అయిన పది రోజులకు మంచినీళ్ళు ఎనిమిది వందలు చూపించాయి. ఇంకో వారానికి పంతొమ్మిది వందలు. ఊళ్ళో టీలు మళ్ళీ విరగడం మొదలైంది. గురజాల పోస్టాఫీసుకు పోయి టెలిగ్రాం ఇచ్చాను.

దేవానందంగారు మూడో రోజుకు మాచర్ల బస్సు దిగి, నడిచి వచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, బక్కపలచన. ఒక గొట్టం విప్పి, పొర చివర కోసి, ఎండలో పెట్టి చూశారు.

"పీహెచ్ ఎంత ఉంటోంది అబిదా?"

"ఆరే సార్. రిజిస్టర్లో ఉంది."

పేజీలు తిప్పారు. ఆరు, ఆరు, ఆరు. ఆసిడ్ కలిసిన నీళ్ళలో స్వయంగా కాయితం ముంచారు. అప్పటికి సున్నం అడుక్కు దిగిపోయింది, కాయితం రోజూలాగే ఉంది. ఆయన డ్రమ్ము మీద కూలబడ్డారు.

"అయితే లోపం పొరలోనే ఉంది. ఇది పత్తితో చేసిన పొరమ్మా. మీ చేలల్లో పండే పత్తే. దాన్ని మందుల్లో కరిగించి అద్దం మీద పల్చగా పోసి తీస్తాం. కాస్త పులుపు తట్టుకుంటుంది. క్షారం తగిలిందా, పైన ఉప్పును ఆపే పొరను తినేస్తుంది."

"క్షారం అంటే ఏంది సార్?"

"బూడిద, సోడా, సున్నం. కానీ నువ్వు ఆరు రాశావు కదా, అవేవీ తగల్లేదు."

నాలుగు గంపలూ నా కళ్ళ ముందుకు వచ్చాయి. నోరు తెరిచాను, మళ్ళీ మూసుకున్నాను. ఆ మూసుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

పై సోమవారం హైదరాబాదు నుంచి కమిటీ వస్తుందని ఆయన చెప్పారు. మంచినీళ్ళు వెయ్యి దాటితే మిషనును విప్పి, కొత్త పొరలు వేసి, రొంపిచెర్ల వైపు ఒక ఊరికి తరలిస్తారు. కొత్త పొరలు ఒక్క ఊరికి సరిపడానే ఉన్నాయి. పొరలు చెడగొట్టుకున్న ఊరికి వాటిని ఇవ్వరు, మిషనూ ఉంచరు. మాకు మిగిలింది ఆరు రోజులు.

"బాగుచేసే దారే లేదా సార్?"

"లాబులో ఒకటి చేశాం. టానిక్ ఆసిడ్ అని, దాన్ని పొర మీదుగా తిప్పితే చిరుగుల్లో పట్టుకుని మళ్ళీ బిగుస్తుంది. మద్రాసు నుంచి తెప్పించాలి. మూడు వారాలు పడుతుంది."

"మనకాడ దొరకదా?"

"తోళ్ళు పదును చేసేవాళ్ళు వాడే చెట్టు చెక్కల్లో, అంటే బెరళ్ళలో, ఉండేది అదే." అని ఆయన ఊరికే అన్నట్టు అన్నారు.

నేను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను. మా అబ్బాజాన్ వయసులో ఉండగా నరసరావుపేట దగ్గర ఒక లందలో పనిచేశాడు. లంద అంటే పచ్చితోళ్ళను చెక్కరసంలో ఊరబెట్టే తొట్లుండే చోటు. అది మూతపడ్డాక ఊరికి వచ్చి, తోలు తిత్తితో పెళ్ళిళ్ళకూ పీర్ల పండుగకూ నీళ్ళు మోశాడు. కొన్నేళ్ళుగా తిత్తి అటక మీద అట్టకట్టి పడి ఉంది.

విషయమంతా విని అబ్బాజాన్ నా మొహంలోకి చూశాడు. "మిషను చెడితే నీ మొహం ఎందుకిట్టా పాలిపోయింది?"

ఆయన దగ్గర దాచలేకపోయాను. సున్నం సంగతీ, ఎనిమిది ఆర్ల సంగతీ చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"తోలు పాడుచేసుకుని మేక మీద నెపం పెట్టేవాళ్ళను లందలో చానామందిని చూశా. నువ్వు కూడానా?" అన్నాడు. తర్వాత లేచి కొడవలి తీసుకున్నాడు. "పద. తంగేడు చెక్క కావాల. ముందు నీళ్ళ సంగతి చూద్దాం. నీ సంగతి నువ్వు చూసుకో."

మా మెట్టల మీద వానలేని ఏడు కూడా బతికుండేది తంగేడొక్కటే. సాయంత్రానికి రెండు మోపుల చెక్క తీశాం. దేవానందంగారు ప్రెసిడెంటు సాంబశివరావుగారి ఇంట్లోంచి బెల్లం కాచే పెద్ద ఇనుప బాన తెప్పించి అందులో చెక్క నానేయించారు. అబ్బాజాన్ ఏదో చెప్పబోయాడు గానీ, చదువుకున్న మనిషి కదా అని ఊరుకున్నాడు. పొద్దునకు రసం సిరాలా నల్లబడింది.

"ఇనుము తగిలితే అంతే సారూ. మట్టికుండలో నానబెట్టాల. అడుగుదామనుకున్నా."

దేవానందంగారు తల కొట్టుకున్నారు. "కెమిస్టునై ఉండి నేను మర్చిపోవడమేంటి. ఇక మీదట నోటికొచ్చింది వచ్చినట్టు చెప్పండి రహీమ్‌గారూ. మర్యాదలు వద్దు."

ఒక రోజు పోయింది. రెండో రోజు కొత్త కుండల్లో నానేశాం. మూడో రోజుకు రసం చిక్కటి టీ రంగుకు దిగింది. దాన్ని ఎనిమిది మడతల గుడ్డలో, తర్వాత ఇసుకలో, తర్వాత దేవానందంగారు తెచ్చిన కాయితంలో వడకట్టాం. ఒక్క నలుసు ఉన్నా పొర పూడిపోతుంది. మా అబ్బాజాన్ తన పాత తిత్తిని కూడా ఒక కుండలోకి దించాడు. రసంలో సారం ఉందో లేదో తోలే చెబుతుందని ఆయన మాట.

"ఇంతవరకూ బాగుంది. ఇప్పుడు పలచగా కలిపి మొదలుపెట్టాల సారూ," అన్నాడాయన. "రోజురోజుకీ చిక్కబరచాల. ఒక్కసారే చిక్కటి రసంలో ముంచామా, తోలు పైన బిగిసిపోద్ది, లోపల పచ్చిగా ఉండిపోద్ది. అట్టా చేసినోణ్ణి మా మేస్త్రీ నాలుగు తన్నేవాడు."

దేవానందంగారు చేస్తున్న పని ఆపేశారు. "ఏమన్నారు? లోపలికి దిగకుండా పైన మాత్రమే బిగుస్తుందా?"

"ఆ. ఎందుకూ పనికిరాని తోలు."

"మనకు కావలసింది అదేనండీ. రసం లోపలిదాకా దిగితే పొరలోంచి నీళ్ళే రావు. పైపైన ఒక్క వరసే పట్టాలి, అదీ తొందరగా."

అబ్బాజాన్ నవ్వాడు. మిషను చెడ్డాక మా ఇంటి మనిషి నవ్వడం అదే మొదటిసారి. "జీవితమంతా చెయ్యొద్దని నేర్చుకున్న పని ఇప్పుడు కావాలని చెయ్యమంటారా. సరే కానీయండి."

ఈలోగా ఊళ్ళో సంగతి గుప్పుమంది. ప్రెసిడెంటుగారి తల్లి రంగనాయకమ్మ మామ్మ చేతికర్ర పొడుచుకుంటూ షెడ్డుకు వచ్చింది. వయసు మీద పడి ఆమెకు మోకాళ్ళు ముడుచుకుపోయాయి. రెండు వీధులు దాటడానికి అరగంట పట్టే మనిషి ఆ రోజు కోపంతో పది నిమిషాల్లో వచ్చింది.

"ఏమే అబిదా, మా చేత లంద నీళ్ళు తాగిస్తావంటనే? ఎంగిలీ మైలా అన్నీ కలిపేస్తన్నారా ఈ కొట్టంలో?"

రెండు రోజులుగా నిద్ర లేదు. నా నోరు ఊరుకోలేదు. "మామ్మా, మీ పొలానికి మోట తోలిన రోజుల్లో ఆ బొక్కెన దేంతో కుట్టారు? తోలుతోనేగా. ఆ తోలు ఊరింది ఈ చెక్కలోనేగా. ఆ నీళ్ళతో పండిన అన్నం మీరు అరవై ఏళ్ళు తిన్నారు. అప్పుడు లేని మైల ఇప్పుడు యాడనుంచి వచ్చింది?"

తల్లి వెనకే ప్రెసిడెంటుగారూ వచ్చి ఉన్నారు. ఆయన గోడవైపు తిరిగి దగ్గారు. దగ్గో నవ్వో నేను చూడలేదు. మామ్మ నన్ను ఎగాదిగా చూసి, "నోరు మాత్రం బారెడు పెంచావు రహీమూ దీనికి," అని వెనక్కి తిరిగింది. ఆ పూట వాళ్ళింటి నుంచి బిందె రాలేదు.

శుక్రవారం మొదటిసారి గొట్టాల్లో రసం తిప్పాం. మంచినీళ్ళు పంతొమ్మిది వందల నుంచి పదిహేను వందలకు దిగాయి. శనివారం రెండోసారి తిప్పితే పదకొండు వందల యాభై. ఆదివారం మూడోసారి తిప్పి, గంటసేపు కడిగి మీటరు పెట్టాం. తొమ్మిది వందల నలభై. దేవానందంగారు మూడుసార్లు పెట్టి చూశారు. అదే అంకె. అయితే పొర బిగిసిన కొద్దీ ధార సన్నబడింది. ఇంటికి రెండు బిందెలు పోయి ఒక్కటే మిగిలింది. నాలుగోసారి తిప్పుదామా అని అడిగాను. ఇంకా బిగిస్తే నీళ్ళు కాదు, కన్నీళ్ళే వస్తాయన్నారాయన. అక్కడితో ఆపేశాం.

సోమవారం పదింటికి జీపులో ముగ్గురు దిగారు. వాళ్ళలో పెద్దాయన కళ్ళద్దాలు సరిచేసుకుంటూ తన మీటరు తనే పెట్టుకున్నాడు. తొమ్మిది వందల నలభై రెండు. "వెయ్యి లోపే ఉంది, మిషను ఇక్కడే ఉండొచ్చు," అన్నాడు. బయట కూడిన జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ప్రెసిడెంటుగారు కొబ్బరిబోండాలు కొట్టించమని కబురు పెట్టారు.

అప్పుడు పెద్దాయన రిజిస్టరు తీశాడు.

"ఆరు నెలలుగా పీహెచ్ ఆరు. బ్లీచింగ్ లేదు. అయినా పొర చెడింది. అంటే ఈ రకం పొరే పల్లెటూళ్ళకు పనికిరాదు దేవానందం. రిపోర్టులో అదే రాస్తున్నాను. మిగతా పదకొండు ఊళ్ళకు అనుకున్న మిషన్లు ఆపేద్దాం."

దేవానందంగారు రిజిస్టరు అందుకుని పేజీలు మళ్ళీ తిప్పారు. ఎదురు చెబుదామంటే నా చేతిరాత అడ్డం ఉంది.

నోరు మూసుకుంటే మా ఊరికి మిషను దక్కుతుంది. నోరు విప్పితే, పొరను మేమే చెడగొట్టుకున్నామని తేలుతుంది. చెడగొట్టుకున్న ఊరికి మిషను ఉంచరని దేవానందంగారే చెప్పారు. బయట వరసగా బిందెలు. అబ్బాజాన్ గడప దగ్గర నిలబడి నా వంక కాదు, తన చేతుల వంక చూసుకుంటున్నాడు. తంగేడు రసంతో అవి మోచేతుల దాకా ఎర్రబడి ఉన్నాయి. పదకొండు ఊళ్ళలో ఎన్ని బిందెలుంటాయో నేను లెక్కవేయలేదు. అందులో ఒక్క ఊరి ఆడవాళ్ళు మూడు మైళ్ళు నడుస్తుంటే చాలు, అది నా పాపమే అవుతుంది.

"పొర తప్పు కాదు సార్," అన్నాను. "ఆ ఎనిమిది ఆర్లు నేను చూసి రాసినవి కావు. కాయితం ముంచలేదు. ఆ వారం బావిలో సున్నం పోశాం. నేను టీ కూడా ఇచ్చాను."

చివరి మాట ఎందుకన్నానో తెలియదు. నిజం మొదలుపెట్టాక అంతా చెప్పెయ్యాలనిపించింది. ప్రెసిడెంటుగారు "ఒసే పిచ్చిదానా" అని గొణిగారు. ఉప్పు తిన్నవాళ్ళం నీళ్ళు తాగాల్సిందే అనుకుని నేను నిలబడ్డాను.

పెద్దాయన ఆ మాటలు కాయితం మీద రాసిమ్మన్నాడు. తెలుగులో రాసి సంతకం పెట్టాను. తర్వాత రిజిస్టరు తీసుకుని ఎనిమిది ఆర్లనూ నేనే అడ్డంగా కొట్టేసి, ఒక్కొక్క దాని పక్కన 'చూడలేదు' అని రాశాను. ఆయన రాసింది చదివి, కుండల్లో మిగిలిన రసాన్ని చూసి, మా అబ్బాజాన్‌ను చాలా ప్రశ్నలు అడిగాడు. దేవానందంగారు ఆ ప్రశ్నలకూ జవాబులకూ నోట్సు రాసుకున్నారు. జీపు ఎక్కేముందు పెద్దాయన ప్రెసిడెంటుగారితో చెప్పాడు:

"మీరే బాగుచేసుకున్నారు, మిషను ఉంటుంది. పొర తప్పు లేదు కాబట్టి మిగతా పదకొండు ఊళ్ళకూ మిషన్లు వెళతాయి. కానీ మళ్ళీ ఆ బావిలో ఒక్క గంప సున్నం పడ్డా లారీ పంపిస్తాను. ఈ అమ్మాయిని ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం."

ఉంచారు. మూడు నెలలు జీతం లేకుండా ఉంచారు. నేనూ అడగలేదు. రంగనాయకమ్మ మామ్మ ఇంటి నుంచి మూడో వారంలో బిందె వచ్చింది. తెచ్చిన పాలేరు, ఇది అమ్మగారు పంపింది కాదన్నాడు. నేను నింపి పంపాను.

మరుసటేడు ఆగస్టులో మళ్ళీ పీర్లు లేచాయి. ఆనవాయితీ ఎలా తప్పిస్తామని పెద్దవాళ్ళు సున్నం గంపలు తెచ్చి బావి దగ్గర పెట్టారు. నేను పొద్దున్నే వెళ్ళి బావి గట్టు మీద కూర్చున్నాను. లేవమన్నారు. లేవలేదు. శుభ్రం చేయని నీళ్ళతో పీర్లకు స్నానం చేయిస్తే ఊరికి అరిష్టం అన్నారు.

"అయితే మనం తాగే నీళ్ళతో చేయిద్దాం. పీర్లకు మనకంటే ఉప్పునీళ్ళెందుకు?" అన్నాను.

"ఇంటికొచ్చేదే ఒక్క బిందె. ముప్పై బిందెలు కావాల. ఎవరిస్తారే?" అన్నాడు పీర్లను చూసుకునే చావిడి ముజావరు.

అబ్బాజాన్ ఇంటికి పోయి తిత్తి భుజాన వేసుకుని వచ్చాడు. తంగేడు రసంలో ఊరాక అది మళ్ళీ మెత్తబడింది. మూతి విప్పి చావిడి ముందు నిలబడ్డాడు.

చేతికర్ర చప్పుడు వినబడింది. రంగనాయకమ్మ మామ్మ ముందు, బిందె ఎత్తుకుని పాలేరు వెనక. "వంచరా," అంది. వాడు తిత్తి వంకా ఆమె వంకా చూశాడు. "తోలు తిత్తేనమ్మా."

"నాకు కళ్ళున్నయ్ లేరా. ఏడాది నుంచీ తాగుతున్నా. వంచు."

వాడు వంచాడు. తర్వాత ఒక్కొక్క ఇంటి నుంచీ బిందెలు వచ్చాయి. అబ్బాజాన్ మోసి మోసి భుజం వాచింది. ఆ రోజు ఊళ్ళో సగం ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. సున్నం గంపలు తిరిగి ఇళ్ళకు పోయి, గోడలకు ఉపయోగపడ్డాయి.

తెల్లారి నేను షెడ్డు తాళం తీశాను. ఒంట్లో ఒక్క ఎముకా నా మాట వినడం లేదు. చుట్టాలకు రొట్టెలు చేయాలి. అయినా కాయితం తీసి నీళ్ళలో ముంచి, వెలుతురులోకి తెచ్చి, రంగు తేలేదాకా చూశాను. పసుపు. రిజిస్టరు తెరిచి ఆరు అని రాశాను.